ఇనుపకుక్కపై జాలి: ఒక విమర్శ

నగరి పట్టణములో మరమగ్గముల చప్పుడు వినబడని వీధి అరుదు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవారికి అది చప్పుడుగా తోచదు. కరెంటు పోయి మగ్గములన్నియు ఒక్కసారిగా ఆగినప్పుడే వారు తలయెత్తి చూతురు. ఆ మగ్గములో నాడె అను కొయ్యముక్క యొకటి కలదు. పేకనూలును కడుపులో పెట్టుకొని అది పడుగు పోగుల నడుమ ఇటునుండి అటు, అటునుండి ఇటు పరుగెత్తుచుండును. దానిని పరుగెత్తించునది దెబ్బ. మగ్గపు రెండు కొసలయందును ఒక్కొక్క కఱ్ఱ దానిని బలముగా కొట్టును. నిమిషమునకు నూఱు దెబ్బలకు తక్కువ కాదు. తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు ఇన్ని వేల దెబ్బలు తినుచున్న ఆ నాడెను చూచి "అయ్యో పాపము" అన్నవారిని ఎవరైనను చూచితిరా?

2015 ఫిబ్రవరిలో అమెరికాలోని బోస్టన్ డైనమిక్స్ అను సంస్థ ఒక చిన్న చలనచిత్రమును లోకమునకు చూపినది. అందులో స్పాట్ అను నాలుగుకాళ్ల యంత్రము నడచుచుండగా ఒక మనుష్యుడు ప్రక్కనుండి కాలితో తన్నును. యంత్రము తూలును, కాళ్లు తడబడును, పడబోయి, నిలదొక్కుకొని, మరల నడచును. అది సుమారు 70 కిలోల బరువుగల లోహపు చట్రము. దానికి ముఖము లేదు, చర్మము లేదు, అరచుటకు గొంతు లేదు. అయినను ఆ చిత్రమును చూచిన ఎందఱికో మనసు చివుక్కుమన్నది. "పాపము, దానినెందుకు తన్నుట?" అనినవారు కలరు. జంతుహింసా నివారణకై పనిచేయు పెటా సంస్థను సైతము పత్రికలవారు అభిప్రాయమడిగిరి.

నాడెయు యంత్రభాగమే, స్పాటును యంత్రమే. రెండింటిని నడుపునది విద్యుత్తే. దెబ్బల లెక్క చూచినచో నాడెదే పైచేయి. మఱి ఒకదానిపై రాని జాలి మఱియొకదానిపై ఏల వచ్చినది? వచ్చిన ఆ జాలిని మనము మన్నింపవలెనా, నవ్వి త్రోసిపుచ్చవలెనా?

ఈ విషయమున రెండు అభిప్రాయములు ప్రచారములో ఉన్నవి. ఇది వట్టి అజ్ఞానమనియు, ఇనుమునకు బాధ యెక్కడిదనియు కొందఱు హేళన చేయుదురు. నేడు యంత్రమును తన్నినవాడు రేపు కుక్కను తన్నుననియు, ఆ యంత్రమునకు మాత్రము ఏదో యొక అనుభూతి లేదని ఎట్లు చెప్పగలమనియు మఱికొందఱు వాదింతురు. మొదటివారు జాలిని అర్థము చేసికొనలేదు. రెండవవారు యంత్రమును అర్థము చేసికొనలేదు. ఇదియే ఈ వ్యాసము చెప్పదలచినది.

కీలుగుఱ్ఱము, గజవాహనము, ఈగ

ప్రాణము లేనిదానిపట్ల మనసు కదలుట తెలుగువారికి క్రొత్త కాదు. అయితే ఆ కదలిక అన్నిచోట్ల ఒకే కారణమున కలుగలేదు. కారణములను వేఱుచేసి చూడనిదే విమర్శ సాగదు.

తిరుమల బ్రహ్మోత్సవములలో ఆఱవనాటి రాత్రి స్వామి గజవాహనముపై ఊరేగును. జనులు దండము పెట్టుదురు గాని, మోయలేక అలసినదేమో అని ఆ ఏనుగును చూచి కంటతడి పెట్టరు. అక్కడ పనిచేయునది భక్తి. చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల యొద్ద జరుగు భారత ఉత్సవములలో దుర్యోధన వధనాడు నేలపై మట్టితో పెద్ద దుర్యోధనుని చేయుదురు. భీమ వేషధారి గదతో ఆ మట్టితొడను కొట్టునప్పుడు గుంపంతయు ఉలికిపడును. ఆ మట్టి కదలదు, మెదలదు. అక్కడ పనిచేయునది కథ. పదునెనిమిది రోజుల యుద్ధమంతయు ఆ దెబ్బ వెనుక నున్నది.

1949లో మీర్జాపురం రాజావారు నిర్మించి, దర్శకత్వము వహించిన 'కీలుగుఱ్ఱం' చిత్రమును మన పెద్దలు విరగబడి చూచిరి. ఆకసమున ఎగురు ఆ మరగుఱ్ఱమును చూచి ఆశ్చర్యపడిరి, జాలిపడలేదు. ఎక్కినవాని యిష్టము చొప్పున పోవుటయే దాని పని. అది వాహనము మాత్రమే.

2012లో రాజమౌళి తీసిన 'ఈగ' చిత్రము వేఱు జాతికి చెందినది. కంప్యూటరుపై గీసిన ఒక ఈగ కొఱకు ప్రేక్షకులు ఊపిరి బిగబట్టిరి. అది మాటలాడదు, మనుష్యముఖము లేదు. ఆగి చూచుట, వెనుకకు తగ్గుట, మరల దూకుట, కాళ్లతో తల తుడుచుకొనుట, ఇవియే దాని భాష. ఆ చిత్రమునకు జాతీయ బహుమతులు వచ్చుటయు న్యాయమే. అయినను మన ప్రశ్నకు అది పూర్తి సాక్ష్యము కాజాలదు. ఆ ఈగ పూర్వజన్మలో ఎవరో, ఎవరిచేత చంపబడినదో ప్రేక్షకునికి ముందే తెలియును. అందులో కథ ఎంత, కదలిక ఎంత అని విడదీయుట కష్టము.

స్పాట్ విషయమున ఆ చిక్కు లేదు. దానికి భక్తుడు లేడు, పూర్వకథ లేదు. మిగిలినది కదలిక యొక్కటియే. కావున కదలికకే ఈ శక్తి యున్నదా అను ప్రశ్నను అక్కడ సూటిగా అడుగవచ్చును.

కదలికలో నేమున్నది?

1944లో అమెరికాలో ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమ్మెల్ అను ఇద్దఱు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఒక చిన్న చిత్రమును తయారుచేసిరి. అందులో ఒక పెద్ద త్రికోణము, ఒక చిన్న త్రికోణము, ఒక చిన్న వృత్తము, తలుపుగల ఒక దీర్ఘచతురస్రము తప్ప ఏమియు లేదు. అవి తెరపై అటునిటు కదలుచుండును. చూచినదానిని వ్రాయుడని 34 మందిని అడుగగా, ఒక్కరు మాత్రమే వానిని రేఖాగణితపు ఆకారములుగా వర్ణించిరి. తక్కినవారందఱు ప్రాణుల కథ వ్రాసిరి: పెద్దవాడు తగవులమారి, చిన్నవాడు ధైర్యవంతుడు, మూడవది భయపడి ఇంటిలో దాగినది, ఈ తీరున.

1973లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు గున్నార్ యోహాన్సన్ మఱియొక మార్గమున పోయెను. ఒక మనుష్యుని భుజములు, మోచేతులు, మోకాళ్లు మొదలగు కీళ్లయొద్ద మాత్రమే వెలుగుచుక్కలుంచి చీకటిలో చిత్రము తీసెను. మనిషి కదలకున్నంతసేపు అవి అర్థములేని చుక్కలు. అడుగు వేసినంతనే, రెప్పపాటులో, చూచువారు "ఎవరో నడచుచున్నారు" అని గుర్తింతురు.

ఇది అలవాటు వలన వచ్చిన విద్యయా, పుట్టుకతో వచ్చినదా? 2005లో ఇటలీకి చెందిన జార్జియో వల్లోర్టిగారా, ఆయన సహచరులు చీకటిలో పొదిగించిన కోడిపిల్లలకు ఇట్టి చుక్కల చిత్రములను చూపిరి. ఏ ప్రాణిని ముందెన్నడు చూడని ఆ పిల్లలు అడ్డదిడ్డముగా కదలు చుక్కలను విడిచి, ప్రాణివలె కదలు చుక్కల వైపు పోయినవి. తల్లికోడి నడక మాత్రమే కాదు, పిల్లి నడకయు వానిని ఆకర్షించినది. 2008లో రెండు దినముల వయసుగల మానవశిశువులును అట్టి కదలికనే ఎక్కువసేపు చూచిరని తేలినది. ప్రాణియొక్క నడకను పసిగట్టు ఏర్పాటు సకశేరుక జంతువుల మెదడులో బహు ప్రాచీనమైనదని దీనినిబట్టి ఊహింపవచ్చును. గడ్డిలో కదలినది గాలియా, పులియా అని తెలిసికొనుటకు ఆలోచించుచు కూర్చుండిన ప్రాణికి సంతానము మిగులదు.

ఈ ఏర్పాటును మేల్కొలుపు గుర్తులు నాలుగు. వస్తువు తనంతట తాను కదలినట్లుండుట మొదటిది. బయటి దెబ్బ లేకయే వేగమును, దిక్కును మార్చుట రెండవది. ఏదో యొక గమ్యము కలిగియుండుట మూడవది. అడ్డు వచ్చినప్పుడు తడబడి, సవరించుకొని, మరల ఆ గమ్యమునకే పోవుట నాలుగవది. ఇప్పుడు మన నాడెను చూడుడు. అది కదలుటకు కారణము కంటికెదుటనే యున్నది. దాని దారి మాఱదు, వేగము మాఱదు, తడబాటు లేదు. తడబడినచో పోగులు తెగును, మగ్గము ఆగును. నాలుగు గుర్తులలో ఒక్కటియు దానికి లేదు. తన్నులు తిన్న స్పాటునకో నాలుగును కలవు. అందులోను నాలుగవది మిక్కుటముగా కలదు. కాబట్టి చూచువాని జాలి అజ్ఞానము కాదు. ఆ యంత్రములో కంప్యూటరును యంత్రభాగములును తప్ప ఏమియు లేవని తెలిసిన ఇంజనీరునకును అది కలుగును. ఎండమావి నీరు కాదని తెలిసినంతమాత్రమున అది కంటికి కనబడుట మానునా?

యంత్రములో నేమున్నది?

ఇక రెండవ పక్షమువారి మాట. స్పాట్ తూలి నిలదొక్కుకొనుటలో బాధ యేమైన నున్నదా?

బ్రిస్టల్ నగరమున గ్రే వాల్టర్ అను నాడీశాస్త్రజ్ఞుడు 1948, 1949 సంవత్సరములలోనే ఎల్మర్, ఎల్సీ అను రెండు మరతాబేళ్లను నిర్మించెను. ఒక్కొక్కదానిలో ఉన్నవి రెండు రేడియో వాల్వులు, వెలుతురును గుర్తించు కన్ను ఒకటి, తాకిడిని తెలుపు మీట ఒకటి, మోటారులు, బ్యాటరీ. ఇంతమాత్రమునకే అవి వెలుతురును వెదకికొనుచు పోయెడివి, అడ్డు తగిలినచో ప్రక్కకు తప్పుకొనెడివి, బ్యాటరీ తగ్గినపుడు తమ గూటికి తిరిగి వచ్చెడివి. చూచినవారు వానికి కుతూహలము, జంకు, ఆకలి అంటగట్టిరి. ప్రవర్తన ప్రాణివలె తోచుటకు లోపలి నిర్మాణము ఎంత స్వల్పమైనను చాలునని వాల్టర్ నిరూపించెను.

స్పాట్ పని ఇంతకంటె క్లిష్టమే గాని తత్త్వము కష్టము కాదు. పిల్లలు అరచేతిలో కఱ్ఱను నిలువుగా నిలిపి ఆడుకొనుట మనమందఱము చూచినదే. కఱ్ఱ ఏ వైపునకు ఒరిగినచో చేతిని ఆ వైపునకే జరుపుదురు. ఈ సంస్థను స్థాపించిన మార్క్ రైబర్ట్ 1980 దశకములో గంతులు వేయు ఒంటికాలి యంత్రములతో ఈ సూత్రమునే పరీక్షించెను: శరీరము ఏ వైపు, ఎంత వేగముతో పడబోవుచున్నదో, పాదమును ఆ వైపు అంతకు తగినంత దూరమున మోపవలెను. స్పాట్ మొండెములో వాలును కొలుచు సాధనమున్నది. ప్రతి కీలు ఎంత వంగినదో కొలుచు సాధనములున్నవి. క్షణమునకు అనేక పర్యాయములు కంప్యూటరు ఆ అంకెలను చదివి పాదము మోపవలసిన చోటును లెక్కించును. తన్ను తగిలినప్పుడు ఆ అంకెలు హఠాత్తుగా మాఱును; లెక్కయు మాఱును. మనము "పాపము, తడబడినది" అనుకొన్నది ఆ లెక్క ఫలితమే.

బాధ యనగా దెబ్బ తగిలిన సమాచారము మాత్రమే కాదు. కుక్కను తన్నినచో అది కుయ్యిమనును, దెబ్బ తగిలిన కాలిని ఎత్తి పట్టుకొనును, నాకికొనును, మేత మానును, తన్నినవానిని మఱునాడు చూచినను తొలగిపోవును. నొప్పిని తగ్గించు మందు ఇచ్చినచో ఈ లక్షణములు తగ్గును. జంతువులకు బాధ కలదని శాస్త్రజ్ఞులు నిర్ణయించుటకు ఇట్టి పరీక్షలే ఆధారము. ఆ చిత్రములోని స్పాటునకు ఇందులో ఒక్కటియు లేదు. కావున బాధను నడకలో వెదకరాదు. నడక చక్కగా ఉన్నంతమాత్రమున బాధ ఉన్నట్లు కాదు. నడక లేనంతమాత్రమున బాధ లేనట్లును కాదు. ఈ రెండవ వాక్యమును పాఠకులు జ్ఞాపకముంచుకొన కోరెదము.

ప్రయోగములు చెప్పినదెంత?

ఈ విషయమున తఱచుగా ఉదాహరింపబడు ప్రయోగము 2013లో జెనీవాలో జరిగినది. కేట్ డార్లింగ్ అను పరిశోధకురాలు ఒక సమావేశమునకు వచ్చినవారికి ప్లియో అను డైనోసారు పిల్ల ఆకారపు మరబొమ్మలను ఇచ్చి, పేర్లు పెట్టి ఆడుకొనుమనిరి. తరువాత వానిని పగులగొట్టుమనిరి. ఎవరికిని చేతులు రాలేదు. ఒకదానినైన పగులగొట్టనిచో అన్నింటిని ధ్వంసము చేయుదుమని చెప్పినమీదట ఒకదానిని పగులగొట్టిరి. ఈ కథ వినుటకు బాగున్నది. కాని శాస్త్రప్రమాణముగా తీసికొనుటకు తగదు. నలుగురి కన్నుల యెదుట, ఖరీదైన బొమ్మను, తాము పేరు పెట్టిన దానిని పగులగొట్టుటకు సంకోచించుటలో జాలి ఎంత, సిగ్గు ఎంత, పొదుపు ఎంత? పోల్చి చూచుటకు కదలని బొమ్మలనిచ్చిన జట్టు యొకటి లేనిదే ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

అదే కాలమున జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్-ఎస్సెన్ విశ్వవిద్యాలయములో జరిగిన పరిశోధన ఇంతకంటె గట్టిది. అక్కడ 41 మందికి ప్లియోను ముద్దుచేయు చిత్రమును, హింసించు చిత్రమును చూపి, వారి చర్మపు విద్యుద్వాహకతను కొలిచిరి. హింసను చూచునప్పుడు శరీరము ఎక్కువగా కలత చెందినది. పిమ్మట 14 మంది మెదడులను పరీక్షింపగా, హింసింపబడునది మనుష్యుడైనప్పుడు కలిగిన స్పందన యంత్రము విషయమున కలిగినదానికంటె అధికముగా ఉన్నది. అనగా మెదడు రెండింటిని ఒకటిగా చూడలేదు. ఈ తేడాను చెప్పక, "మెదడునకు యంత్రమును మనిషియు సమానమే" అని వ్రాయుట పరిశోధనకు అన్యాయము చేయుటయే.

"యంత్రమును తన్నినవాడు కుక్కను తన్నును" అను వాదమును ఈ ప్రయోగములేవియు నిరూపింపలేదు. అది తత్త్వవేత్త కాంట్ జంతువులను గూర్చి చెప్పినదాని ప్రతిధ్వని. జంతువులపట్ల క్రూరుడైనవాడు మనుష్యులపట్లను కఠినుడగునని ఆయన బోధించెను. ఆ వాదములో లోపమొకటి కలదు. కుక్కను తన్నరాదనుటకు మొదటి కారణము కుక్కకు నొప్పి పుట్టుట. తన్నువాని స్వభావము చెడుట ఆ తరువాతి మాట. యంత్రము విషయమున మొదటి కారణము లేదు, రెండవది మాత్రమే మిగిలినది. దానిని నిర్లక్ష్యము చేయనక్కఱలేదు. ముఖ్యముగా పిల్లల విషయమున. కాని రెండు కారణములున్నచోటికిని ఒకటే యున్నచోటికిని గల భేదమును మఱువరాదు.

జాలి చేరవలసిన చోటు

జాలి మనలోని అమూల్యమైన సాధనము. అయితే అది త్రాసు కాదు. బరువును తూచలేదు; కదలికను చూచి మ్రోగు గంట వంటిది. గంట మ్రోగినచోట బాధ లేకపోవచ్చును. బాధ ఉన్నచోట గంట మ్రోగకపోవచ్చును.

మన జిల్లాలో పలమనేరు, కుప్పము ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకము విస్తారముగా కలదు. పురుగు తనచుట్టు అల్లుకొన్న గూటిలో వేయి మీటర్ల వఱకు ఒకే పోగు ఉండును. చిలుక గూటిని చీల్చుకొని వచ్చినచో పోగు తెగును గనుక, లోపల పురుగు ఉండగానే గూటిని వేడికి గురిచేసి చంపుదురు. ఒక పట్టుచీరకు వేలకొలది గూళ్లు కావలెను. ఆ చీరను చూచి మనము పురుగును తలచుకొనము. కారణము స్పష్టమే: గూటిలోని పురుగు కంటికి కదలదు. పురుగులకు బాధ కలదా అను విషయమున శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. అయినను వానికి ప్రాణమున్నది, నాడీమండలమున్నది. స్పాటునకు రెండును లేవు. చిలుక పోయిన తరువాతనే గూటినుండి నూలు తీయు 'అహింసా పట్టు'ను 1990 దశకములో సాధించినవారు హైదరాబాదునకు చెందిన చేనేత నిపుణులు కుసుమ రాజయ్య. కదలిక కనబడనిచోటికి ఆలోచన ద్వారా జాలిని చేర్చిన తెలుగువారు ఆయన.

ఈ జాలిని సరియైన దారిలో పెట్టిన యంత్రమును ఒకటి చెప్పవలెను. 2023 ఫిబ్రవరిలో కేరళలోని త్రిచూరు జిల్లా ఇరింజాడప్పిళ్లి శ్రీకృష్ణాలయమునకు పెటా సంస్థ ఒక మరయేనుగును సమర్పించినది. సుమారు 800 కిలోల బరువు. చెవులు, కన్నులు, నోరు, తోక విద్యుత్తుతో ఆడును. అది నిజముగా నడువదు. నడువవలసిన అవసరమును లేదు. దానిని చూచి జాలిపడుమని ఎవరును కోరలేదు. సంకెళ్లతో, బాణసంచా చప్పుళ్ల నడుమ నిలువవలసిన నిజమైన ఏనుగు బదులు అది నిలుచుచున్నది. 1980 దశకమునుండి ఏనుగుల మందలు వచ్చి తిరుగుచున్న మన చిత్తూరు జిల్లాలో, 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యము చుట్టుప్రక్కల పొలముల కరెంటు తీగలకు తగిలి ఎన్నియో ఏనుగులు చచ్చినవి. ఏనుగులచేత రైతులును చచ్చిరి. ఆ బాధను ఎవరును చలనచిత్రముగా తీసి లోకమునకు చూపరు. ఇనుపకుక్కపై పెట్టిన జాలిలో సగము దీనికి దక్కినచో చాలును.

తుదకు మన మగ్గము యొద్దకే పోదము. నాడెపై జాలిపడనక్కఱలేదని తేలినది. కాని మగ్గము ప్రక్కన ఒక మనుష్యుడు నిలిచియున్నాడు. తెగిన పోగును ముడివేయుట, పేకనూలు మార్చుట, మరల మీట త్రిప్పుట, ఇవియే దినమంతయు అతని కదలికలు. ఏండ్లు గడచినకొలది అవి మగ్గపు కదలికలవలెనే లెక్క తప్పనివగును. అతడు తడబడడు, తడబడినచో కూలి తగ్గును. ఆ చప్పుడు మధ్య ఏండ్ల తరబడి పనిచేసినవారికి చెవుడు వచ్చుట వైద్యులెఱిగిన విషయమే. చెవుడు కంటికి కనబడదు. ప్రాణివలె కదలు యంత్రమును చూచి మ్రోగిన గంట, యంత్రమువలె కదలు మనుష్యుని యొద్ద మ్రోగుట లేదు. నగరి వీధిలో నడచు పాఠకుడు ఈ సారి మగ్గము ఆగినప్పుడు మాత్రమే గాక, ఆడుచున్నప్పుడును ఒక నిమిషము లోపలికి తొంగిచూడవలెనని మా మనవి.